పలుచని గాలిని గెలిచిన శాన్‌ఫర్డ్ మాస్

ఈ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని జీవితమును వ్రాసి యిమ్మని సంపాదకవర్గమువారు కోరినప్పుడు, కవులను గూర్చియు దేశనాయకులను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరని తోచినది. మనది బొగ్గుసీమ. పెద్దపల్లి మొదలు రామగుండము, గోదావరిఖని వరకు గనిలోనో, లారీమీదనో, విద్యుత్కేంద్రములోనో పనిచేయువారు లేని వీధి అరుదు. మన గ్రంథాలయమునకు వచ్చు చందాదారులలోను యంత్రములతో పొద్దు గడపువారే అనేకులు. అయినను యంత్రశిల్పుల జీవితచరిత్రలు మన అలమారలలో మిక్కిలి తక్కువ. ఆ కొరతను ఆవగింజంతయైన తీర్చవలెనని అమెరికాదేశపు ఇంజనీరు శాన్‌ఫర్డ్ అలెగ్జాండర్ మాస్ జీవితమును చెప్పబూనితిని. ఆయన పేరు విననివారు సైతము ఆయన పాటుపడిన వస్తువును ఎరుగుదురు. లారీ ఇంజను ప్రక్కన నత్తగుల్లవలె చుట్టుకొనియుండు ఇనుప గుల్లను మన మెకానిక్కులు టర్బో అని పిలుచుచున్నారు. దానిని మొట్టమొదట తాను కనిపెట్టితినని మాస్ చెప్పుకొనుటకు వీలులేదు. ఆ సంగతి ముందు వచ్చును. కాని ఎత్తైన కొండమీద ఇంజను ఎందుకు నీరసించునో, ఆ నీరసమును ఎట్లు పోగొట్టవచ్చునో అంకెలతో లోకమునకు చూపినవారిలో ఆయన ముఖ్యుడు.

జీవితకథకు ముందు ఆ నీరసమును గూర్చి కొంత తెలిసికొనవలెను. గాలికి బరువున్నదని బడికి పోయిన పిల్లలెల్లరు ఎరుగుదురు. ఆ బరువుతో మనకేమి పని యని పెద్దలు దానిని మరచిపోవుదురు. మోటారు ఇంజనుకు మాత్రము సర్వము దానితోనే పని. పెట్రోలు తనంత తాను మండదు. ఒక కిలో పెట్రోలు చక్కగా మండవలెనన్నచో సుమారు 15 కిలోల గాలి కావలెను. అనగా మనము రొక్కమిచ్చి ట్యాంకులో పోయించుకొనునది ఇంజను ఆహారములో పదునారవ వంతు మాత్రమే. మిగిలిన పదునైదు వంతులను అది దారిపొడుగున ఊరకనే పీల్చుకొనుచుండును. సిలిండరు కొలత మారదు గనుక ప్రతి పీల్పులోను అది మ్రింగు గాలి చోటు ఒక్కటే. కాని గాలి దట్టముగానున్నచో ఆ చోటులో ఎక్కువ బరువు ఇముడును. పలుచగానున్నచో తక్కువ బరువే ఇముడును. గాలి తగ్గినచో మండగల పెట్రోలు తగ్గును. పెట్రోలు తగ్గినచో శక్తి తగ్గును. ఇందులో రహస్యమింతే.

మన రామగుండము సముద్రమట్టమునకు 200 మీటర్ల లోపు ఎత్తున నున్నది గనుక ఇచ్చటి బండ్లకు ఈ బాధ తెలియదు. రామగిరి ఖిల్లా ఎక్కునప్పుడు మనకు వచ్చు ఆయాసము గాలి పలుచనగుటచేత అని కొందరనుకొందురు. అది పొరపాటు. అది కాళ్ల శ్రమవలన వచ్చిన ఆయాసమే. గాలి లోటు తెలియవలెనన్నచో ఇంకను పైకి పోవలెను. ప్రతి 1,000 అడుగుల ఎత్తునకు సామాన్యమైన ఇంజను తన శక్తిలో నూటికి మూడు పాళ్లు కోల్పోవునని మోటగా చెప్పవచ్చును. తిరుమల కొండమీద ఈ నష్టము నూటికి పది పాళ్లకు మించదు గనుక డ్రైవరు దానిని ఏటవాలు బరువుక్రిందనే జమకట్టుకొనును. ఉదకమండలమున అయిదవ వంతు పోవును. హిమాలయములలోని లేహ్ పట్టణమున నూటికి ముప్పది పోవును. దానికి పైన 5,359 మీటర్ల ఎత్తున నున్న ఖార్దుంగ్ లా కనుమవద్ద నూటికి నలువది పోయినను ఆశ్చర్యము లేదు.

ఇచ్చట బుద్ధిమంతుడైన పాఠకునకు ఒక సందేహము కలుగవచ్చును. కొండమీద చలి గదా, చల్లని గాలి దట్టముగానుండును గదా, ఆ విధముగా నష్టము పూడిపోవలదా యని. చలి కొంత తోడ్పడును, నిజమే. కాని పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గు వేగము చలి చేయు మేలుకంటె చాల పెద్దది. దీనికి తోడు వెనుకటి కార్బొరేటరు బండ్లలో మరియొక చిక్కు ఉండెడిది. గాలి తగ్గినను ఆ కార్బొరేటరు పెట్రోలును అదే లెక్కన తగ్గింపదు. అందుచేత మిశ్రమము చిక్కబడి, పొగగొట్టమునుండి నల్లని పొగ వెలువడును. అంతియేగాక నీరు కూడ అచ్చట తొందరగా మరుగును. 14,000 అడుగుల ఎత్తున నీరు నూరు డిగ్రీల వేడికి ఆగక సుమారు 86 డిగ్రీలకే ఉడికిపోవును గనుక రేడియేటరు చల్లగానుండవలసిన చోటనే బుసకొట్టును.

మాస్ 1872వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన అమెరికా పడమటి తీరమున శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. పదునారేండ్ల వయస్సున యంత్రములు చేయు ఒక కర్మశాలలో పని నేర్చుకొను కుర్రవాడుగా చేరెను. ఆ కర్మశాలలో తయారగునవి గాలిని అదిమి నింపు యంత్రములు, అనగా మన గనులవద్ద కంప్రెసరు అను పేర వ్యవహరింపబడునవి. చేతులకు నూనె పూసికొని ఇనుమును చిత్రికపట్టుచు గడపిన ఆ దినములలోనే ఆయన మనస్సున ఒక యూహ మొలకెత్తెను. అదిమిన గాలిలో ఇంధనమును మండించినచో దానినుండి వచ్చు వేడి వాయువు మిక్కిలి బలముతో పొర్లుకొని వచ్చును. ఆ వాయువుచేత ఒక చక్రమును త్రిప్పినచో, పిస్టను లేకయే, క్రిందికిని మీదికిని కొట్టుకొను పని లేకయే, సూటిగా శక్తి లభింపవలెను. ఈ యూహ ఆయనను జీవితాంతము విడువలేదు.

కర్మశాలనుండి ఆయన చదువువైపునకు మరలెను. మనవారిలో చదువు ముగించి యంత్రమును ముట్టువారున్నారు గాని యంత్రమును ముట్టి పిదప చదువునకు పోవువారు తక్కువ. ఈ రెండవ దారియే మేలని నాకు తోచును. తన చేతికి తెలిసిన ప్రశ్నతో బడికి పోయినవానికి ప్రతి పాఠమును ఒక జవాబువలె కనబడును గదా. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున 1896లో మొదటి పట్టమును, 1900లో పై పట్టమును పొంది, అచ్చటినుండి తూర్పు తీరమునగల కార్నెల్ విశ్వవిద్యాలయమునకు పోయి, 1903లో డాక్టరు పట్టము నందెను. ఆ పట్టమునకై ఆయన చేసిన పరిశోధన వాయు టర్బైనును గూర్చినది. కేవలము కాగితముమీది లెక్కలతో తృప్తిపడక, మంటగది నొకదానిని అమర్చి, అందుండి వచ్చు వేడి వాయువుతో ఒక టర్బైను చక్రమును నిజముగానే త్రిప్పి చూపెను.

చక్రము తిరిగినది, కాని లాభము రాలేదు. మంటగదికి కావలసిన గాలిని అదిమి పంపుటకు ఖర్చగు శక్తి, చక్రము తిరిగి సంపాదించిన శక్తికంటె ఎక్కువయ్యెను. పొలము దున్నగా వచ్చిన పంట ఎద్దుల మేతకే చాలకపోయినట్లు ఆ యంత్రము తన గాలిని తాను సంపాదించుకొనలేకపోయెను. ఆ కాలమున గాలిని అదుము యంత్రములు పనితనము లేనివి. తీవ్రమైన వేడికి ఓర్చుకొను లోహములును లేవు. అందుచేత దోషము ఊహలో నున్నదో సామగ్రిలో నున్నదో తేల్చి చెప్పుట కష్టమయ్యెను.

ఆయన పరిశోధనను చూచిన జనరల్ ఎలెక్ట్రిక్ కంపెనీవారు 1903లోనే ఆయనను మసాచుసెట్స్ రాష్ట్రములోని లిన్ పట్టణమునగల తమ కర్మాగారమున చేర్చుకొనిరి. అచ్చట నాలుగేండ్లు వాయు టర్బైనుమీద ప్రయోగములు సాగినవి. మండించిన ఇంధనములో నూటికి మూడు పాళ్ల శక్తికంటె ఎక్కువ చేతికి రాలేదు. ఆనాటి మంచి ఆవిరి యంత్రములు దానికి ఎన్నో రెట్లు ఇచ్చుచుండగా దీనిపై ధనము వెచ్చించువారెవరు? 1907లో ఆ ప్రయత్నమును కట్టిపెట్టిరి. అప్పటికి మాస్ వయస్సు ముప్పదియైదేండ్లు. పదునారేండ్లనాటి యూహ పందొమ్మిదేండ్లు వెంటవచ్చి, ఇట్లు మూలపడినది.

ఆయన నిరుత్సాహపడి ఊరకుండలేదు. టర్బైను ఓడిపోవుటకు సగము కారణము గాలిని అదుము యంత్రము లోపమే గనుక ఆ యంత్రమునే బాగుచేయుటకు పూనుకొనెను. రెక్కలుగల చక్రమును మహావేగముతో త్రిప్పినచో గాలి నడుమనుండి అంచునకు విసరబడి ఒత్తిడి పొందును. మన గనుల నోట తిరుగుచు భూగర్భమున పనివారికి ప్రాణవాయువు అందజేయు పెద్ద ఫ్యానును చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మాస్ దృష్టిపెట్టిన ఈ జాతి యంత్రములు ఇనుము కరగించు పెద్ద కొలుములకు గాలి పంపుటకై అమ్ముడుపోసాగినవి. కంపెనీకి లాభము వచ్చెను. మాస్‌కు గాలిని కదలించు విద్యలో సాటిలేని అనుభవము వచ్చెను. అది ఎందుకు ఉపకరింపబోవుచున్నదో అప్పటికి ఎవరికిని తెలియదు.

ఇంతలో యూరపులో 1914న మహాయుద్ధము మొదలయ్యెను. విమానములు యుద్ధమునకు క్రొత్త ఆయుధములు. ఆకాశమున పైనున్నవాడు క్రిందనున్నవానిమీద వాలగలడు. క్రిందనున్నవాడు పైకి ఎక్కుటకు ప్రయాసపడుచుండగనే ప్రాణము పోగొట్టుకొనును. కాని పైకెక్కినకొలది ఇంజను ఆకలితో సోలిపోవును. కారును నడపువాడు కొండ దారిలో శక్తి తగ్గినచో గేరు మార్చి నెమ్మదిగా పోవచ్చును, లేదా ఒకప్రక్క నిలుపవచ్చును. విమానమును నిలుపుటకు ఆకాశమున చోటెక్కడిది?

ఈ చిక్కునకు ఉపాయము మాస్‌కు ముందే కొందరికి స్ఫురించినది. స్విట్జర్లాండు దేశస్థుడు ఆల్ఫ్రెడ్ బూకీ 1905లోనే, ఇంజను విడిచిపెట్టు పొగతో టర్బైను త్రిప్పి దానితో గాలిని అదిమి ఇంజనుకే పంపు పద్ధతికి పేటెంటు పొందెను. ఫ్రాన్సు దేశమున ఆగస్ట్ రాటో అను ప్రసిద్ధ ఇంజనీరు యుద్ధకాలమున అట్టి సాధనమును విమాన ఇంజనులకు అమర్చి చూచెను. కీర్తిని పంచునప్పుడు వీరి భాగమును తగ్గింపరాదు. ఒక్కొక్క దేశమువారు తమవానినే ఆదిపురుషుడందురు. మనకు అట్టి పక్షపాతము పనిలేదు.

1917లో అమెరికా యుద్ధమున దిగెను. ఆ దేశపు విమానశాస్త్ర సలహా సంఘమునకు అప్పుడు అధ్యక్షుడుగా నున్నవాడు విలియం డ్యురాండ్. ఆయన వెనుక కార్నెల్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగా నుండి మాస్ చేసిన పరిశోధనను ఎరిగినవాడు. ఫ్రాన్సునందలి ప్రయత్నములను గూర్చి తెలిసిన పిమ్మట, వేడి వాయువుతో చక్రము త్రిప్పిన ఆ వెనుకటి శిష్యుడు ఆయనకు జ్ఞాపకమువచ్చెను. కంపెనీకి కబురంపెను. మూలపడిన యూహ పదేండ్ల తరువాత మరల బల్లమీదికి వచ్చెను.

ఇందులోని చమత్కారమును పాఠకులు గమనింపవలెను. మాస్ పరిశోధన ఎందువలన ఓడినది? మంటనుండి వచ్చిన శక్తి గాలిని అదుముటకే చాలలేదు గనుక. ఇప్పుడు కావలసినదో, గాలిని అదుముటయే! మిగులు శక్తి ఎవరికి కావలెను? చక్రమును త్రిప్పు వేడి వాయువునకు వేరుగా ఇంధనము మండింపనక్కరలేదు. అది ఇంజను పొగగొట్టమున ఎట్లును వ్యర్థముగా పోవుచున్నదే. పెట్రోలునందలి వేడిలో ఇంచుమించు మూడవ వంతు ఆ గొట్టమునుండియే గాలిలో కలసిపోవును. ఆ పారవేసిన సొత్తుతో ఒక చక్రము తిరుగును. దాని ఇరుసు రెండవ కొనయందు మరియొక చక్రము తిరిగి పలుచని గాలిని దట్టముచేసి సిలిండర్లకు అందించును. నిమిషమునకు సుమారు 20,000 చుట్లు తిరుగు ఆ ఇరుసుకు ఒక కొనన ఎర్రగా కాలు వేడి, రెండవ కొనన కొండగాలి చలి. అదిమిన గాలి వేడెక్కును. వేడెక్కినచో మరల వ్యాకోచించును గనుక దానిని మార్గమధ్యమున చల్లార్చుటకు వేరొక ఏర్పాటు కూడ ఆవశ్యకమయ్యెను. ఇంజను కదురునుండి పళ్లచక్రములద్వారా గాలిపంకను త్రిప్పు పద్ధతియు కలదు. కాని అది ఇంజను సంపాదనలోనే కొంత తినివేయును. పొగతో నడచునది ఇంజను చెత్తకుప్పను ఏరుకొని బ్రతుకును.

1918 వేసవిలో మాస్ చేసిన సాధనమును ఒహాయో రాష్ట్రములోని డేటన్ పట్టణమున సైన్యపు విమానక్షేత్రమున లిబర్టీ అను పండ్రెండు సిలిండర్ల ఇంజనుకు అమర్చి పరీక్షించిరి. అది పనిచేసినది. కాని నేలమీద పనిచేయుట వేరు, ఎత్తున పనిచేయుట వేరు. నేలమీద దట్టమైన గాలి నెట్లును దొరకును. దొరకనిచోట అందించుటయే గదా దీని పని! ఇంకను సరిగా పరీక్షింపని యంత్రమును విమానమునకు కట్టి పైకి పంపినచో అది మధ్యలో పగిలిన పక్షమున పైలటు ప్రాణము పోవును. పైగా ఎగురుచున్న విమానమున ఇంజను శక్తిని సరిగా కొలుచుటయు సాధ్యము కాదు. అందుచేత మాస్ విమానమును పైకి పంపుటకు బదులు ఇంజనునే పర్వతముమీదికి కొనిపోవ నిశ్చయించెను.

కొలరాడో రాష్ట్రమున పైక్స్ పీక్ అను శిఖరము కలదు. దాని ఎత్తు నాటి కొలత ప్రకారము 14,109 అడుగులు. అంతకు రెండేండ్లు ముందుగనే శిఖరమువరకు మోటారు దారి పడినది. ఇది మాస్‌కు కలసివచ్చిన అదృష్టము. లిబర్టీ ఇంజనును, టర్బోను, శక్తిని కొలుచు సాధనములను ఒక లారీమీద బిగించి, 1918 సెప్టెంబరు మాసమున, వంకర టింకర మట్టి దారిని పట్టి శిఖరమునకు చేర్చిరి. ఎక్కినకొలది ఆ లారీ ఇంజనుకును అదే జబ్బు సోకియుండునని వేరుగా చెప్పనక్కరలేదు. వైద్యమును మోసికొనిపోవుచున్న రోగివంటిది ఆ బండి.

శిఖరమున చలి తీవ్రమైనది. ఇనుమును ముట్టినచో వ్రేళ్లు కొంకరలు పోవును. గాలి పలుచన గనుక ఇంజనుతో పాటు మనుష్యులకును రొప్పు. అట్టి చోట మాస్ తన సహాయులతో పరీక్షలు జరిపెను. సముద్రమట్టపు గాలిలో 350 గుఱ్ఱపుశక్తి నిచ్చు ఆ ఇంజను, టర్బో లేకుండ నడపగా, శిఖరముమీద 230 మాత్రమే ఇచ్చెను. మూడవ వంతు శక్తి మాయమైనది. ఆ ఎత్తున గాలి ఒత్తిడి సముద్రతీరమున నున్నదానిలో నూటికి అరువదింటికి కొంచెము తక్కువ. చలివలన గాలి కొంత దట్టమగుటచేత ఇంజనుకు అరువది అయిదు పాళ్లకు పైగా దక్కినది. ఇందాక చెప్పిన సందేహమునకు ఈ అంకెలే జవాబు.

తరువాత టర్బోను కలిపిరి. పొగ చక్రముమీదికి మరలెను. గాలి ఒత్తిడి చూపు ముల్లు పైకి లేచెను. శక్తిని కొలువగా 356 గుఱ్ఱములు తేలినవి. పోయిన 120 గుఱ్ఱములు తిరిగి వచ్చుటయే గాక పైన ఆరు అదనముగా వచ్చినవి. ఆ ఇంజను తాను పర్వతముపైనున్న సంగతినే మరచినది. నలుబది ఆరేండ్ల వయస్సున, శిఖరముమీద, తన పదునారేండ్లనాటి యూహలో ఒక ముక్క నిజమగుట మాస్ కన్నులార చూచెను.

అయితే కాలము ఆయనకు అనుకూలింపలేదు. 1918 నవంబరు 11న యుద్ధము ముగిసెను. లోకమున కెల్ల అది సంతోషవార్త. ఒక్క మాస్ బల్లమీది పనికి మాత్రము అది మరియొక గండము. యుద్ధమునకై చేయించిన పెక్కు పనులవలె దీనినికూడ నిలిపివేయుట సహజమే గదా. అదృష్టవశమున సైన్యపు విమానశాఖవారు కొంత ఆలోచించి 1919లో పనిని మరల సాగించిరి.

1920 ఫిబ్రవరి 27న మేజరు రుడాల్ఫ్ ష్రోడర్ అను పైలటు, మాస్ టర్బోను అమర్చిన లిబర్టీ ఇంజనుగల లెపేర్ విమానముపై డేటన్ నుండి లేచి 33,113 అడుగుల ఎత్తు చేరెను. నాటికి అంత ఎత్తు విమానముమీద పోయినవారు లేరు. మూసివేసిన గది లేని విమానమది. చలి సున్నకు దిగువ 50 డిగ్రీలు మించినది. అచ్చట ఇంజను చక్కగా ఊపిరి పీల్చుచుండెను గాని ష్రోడర్‌కు ప్రాణవాయువు అందుటలో లోపము వచ్చెను. కంటి అద్దములను పైకెత్తగా కనుగ్రుడ్లపై నీరు గడ్డకట్టి చూపు పోయెను. స్మృతి తప్పెను. విమానము ఆరు మైళ్లు రాయివలె పడెను. నేలకు చేరువలో, దట్టమైన గాలి తగిలి, ఆయనకు తెలివి వచ్చి, సగము గ్రుడ్డితనముతోనే క్షేమముగా దిగెను. కొన్ని దినములకు చూపు తిరిగి వచ్చినది. ఇంజనుకు కడుపు నిండ గాలి పెట్టిన మాస్ మనుష్యునికి ఆ పని చేయలేదు. అది వేరొకరి శాస్త్రము. మూసిన గదిలోనికి గాలిని అదిమి పంపి, ప్రయాణికులను సుఖముగా కూర్చుండబెట్టి విమానములు నడపు కాలము అటు తరువాత గాని రాలేదు.

1920 తరువాతి పదునైదేండ్ల కథ మందకొడిది. డబ్బు తక్కువ, ఆసక్తియు తక్కువ. ఎర్రగా కాలిన చక్రము రెక్కలు సాగిపోవుట, పగులుట, ఇరుసు బిగుసుకొనుట వంటి చిక్కులతో కాలము గడచెను. క్రొత్త మిశ్రలోహములు వచ్చినకొలది ఒక్కొక్క చిక్కు తీరినది. ఉపాయము చెప్పినవారికి లోకము పేరిచ్చును గాని దానిని నిలిపిన లోహమును కరగించినవారికి అంత పేరురాదు. మాస్ 1938లో ఉద్యోగము విరమించెను. ఇంటివద్ద విశ్రాంతి ఎన్నాళ్లో దక్కలేదు. యూరపున మరల యుద్ధమేఘములు క్రమ్మగా కంపెనీవారు ఆయనను సలహాదారుగా మరల పిలిచిరి.

ఈసారి టర్బో వేలకొలదిగా తయారైనది. బి-17, బి-24 అను నాలుగింజనుల బాంబరు విమానములకును, పి-38, పి-47 అను యుద్ధవిమానములకును అది ప్రాణాధారమయ్యెను. 25,000 అడుగుల ఎత్తున గాలి ఒత్తిడి తీరమునందున్నదానిలో మూడవ వంతుకు కొంచెమెక్కువ మాత్రమే. టర్బో లేనిదే అచ్చట ఆ బరువు విమానములు నిలువలేవు. విమానవిద్యలో అమెరికాలో అత్యున్నతమైన కోలియర్ బహుమానము 1940వ సంవత్సరమునకు మాస్‌కును, సైన్యపు విమానశాఖకును కలిపి ఇవ్వబడెను. ఆ విమానములు కురిపించిన బాంబులతో ఎన్ని పట్టణములు బూడిదయైనవో మనకు తెలియనిది కాదు. ఇనుపకొలిమికి గాలి పంపిన విద్యయే అందులకును పనికివచ్చెను. జీవితచరిత్ర వ్రాయువాడు ఈ సంగతిని దాచుట న్యాయము గాదు.

ఆ విమానములలో బి-24 మన దేశమునకు చుట్టమైనది. యుద్ధము ముగిసిన పిదప కాన్పూరున వదలివేయబడిన ఆ లిబరేటరు విమానములను బెంగుళూరు హిందుస్థాన్ విమాన కర్మాగారమువారు బాగుచేసి భారత వాయుసేనకు అందించిరి. 1968వరకు అవి సేవచేసినవి. నేలమీది బండ్ల సంగతి మనకు ఇంకను దగ్గర. ఈనాటి డీజిలు లారీలకెల్ల టర్బో కలదు. మన ఓపెన్‌కాస్టు గనులలో కొండవంటి మట్టిని మోయు డంపర్ల ఇంజనులకును అదే కలదు. ఎత్తు లేని మన నేలమీద దాని పనియేమన్నచో, చిన్న ఇంజనుకు పెద్ద ఇంజను బలమిచ్చుట. ఇచ్చటి లారీ కాశ్మీరమునకు సరకుతో పోయినచో అదే సాధనము అచ్చట తన పుట్టుకపనికి తిరిగి వచ్చును. అయినను దాని శక్తికిని హద్దున్నది. మిక్కిలి పెద్ద ఎత్తున టర్బోగల లారీయు కొంత నీరసించును. విద్యుత్తుతో నడచు బండికి మాత్రము గాలి ఆకలి లేదు గనుక ఎంత ఎత్తైనను మోటారు శక్తి అంతే.

మాస్ మొదటి కల, అనగా పిస్టను లేని వాయు టర్బైను, ఆయన ముదిమిలో నిజమయ్యెను. 1939లో స్విట్జర్లాండులోని నూషతెల్ పట్టణమున 4,000 కిలోవాట్ల వాయు టర్బైను విద్యుత్తు నీయసాగెను. 1941లో ఇంగ్లండునుండి ఫ్రాంక్ విటిల్ జెట్ ఇంజను అమెరికాకు వచ్చినప్పుడు దానిని తయారుచేయు పని లిన్ కర్మాగారమునకే అప్పగింపబడినది. వేడి వాయువుతో తిరుగు చక్రమును, గాలిని అదుము చక్రమును ఒకే ఇరుసుపై నిలుపు నేర్పు అచ్చటివారికి మాస్ టర్బోలవలన అలవడియున్నదని కారణము. 1942 అక్టోబరులో అమెరికా మొదటి జెట్ విమానము గాలిలోనికి లేచెను. మన గోదావరి తీరముననే, చాల దిగువన, విజ్జేశ్వరమునను జేగురుపాడునను గత శతాబ్దపు చివరి దశాబ్దమున నెలకొల్పిన విద్యుత్కేంద్రములు వాయు టర్బైనులతో నడచుటకై కట్టినవే. 1903లో కార్నెల్ విశ్వవిద్యాలయమున తన గాలి ఖర్చును తాను పూడ్చుకొనలేకపోయిన చక్రమునకు ఇవి వారసులు.

మాస్ 1946 నవంబరు 10వ తేదీన, డెబ్బది నాలుగేండ్లు నిండిన వయస్సున, నలుబది యేండ్లకు పైగా తాను పనిచేసిన లిన్ పట్టణముననే కన్నుమూసెను.